పైడమ్మత్త మాంసం పచ్చడికి ముగ్గురు కాపలా

కొత్తమెరకలో తెలివైనవాళ్ళు ఎవరని ఎవర్నైనా అడగండి, సిగ్గుపడి తల దించుకుంటారు. సన్యాసయ్య ఇంట్లో అడగండి, ముగ్గురు ఒకేసారి చేతులెత్తుతారు.

పెద్దవాడు సన్యాసయ్య, నడిపివాడు గవరయ్య, చిన్నవాడు బంగారయ్య. ముగ్గురూ గడ్డాలొచ్చిన అన్నదమ్ములే, పెళ్ళిళ్ళు మాత్రం కాలేదు. ఎందుకు కాలేదని నన్నడక్కండి, వింటూ ఉంటే మీకే తెలుస్తుంది. దేవుడు ఊరందరికీ పంచమని బండెడు తెలివి పంపిస్తే, ఆ బండి సరిగ్గా తమ గుమ్మం ముందే బోల్తా పడిందని వాళ్ళ నమ్మకం. సన్యాసయ్య బయట వాన పడుతోందో లేదో ఇట్టే చెప్పేసేవాడు, ఒకసారి బయటికెళ్ళి తడిసి వచ్చాక. గవరయ్య కొత్త చెప్పులు అరిగిపోతాయని చేత్తో పట్టుకుని నడిచేవాడు. బంగారయ్య పొద్దున్నే లేచి మంచం కింద వెతికేవాడు, నిద్రలో తను దొర్లి కిందపడి అక్కడే ఉండిపోయాడేమోనని.

వీళ్ళు ముగ్గురూ ఇన్నాళ్ళూ బతికి బట్టకట్టారంటే అది పైడమ్మత్త చలవ. ఆవిడ వీళ్ళకి మేనత్త. తల్లి పోయిన ఏడాది వచ్చి ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది, ఇప్పటిదాకా ఆర్పలేదు. వండి పెట్టేది, తిట్టి పెట్టేది, ఆవిడ తిట్టకపోతే వీళ్ళకి తిన్నది అరిగేది కాదు.

ఇలా ఉండగా తునిలో ఉన్న అత్త కూతురికి నెలలు నిండాయి. అత్త పదిరోజులు వెళ్ళి రావాలి. వెళ్ళే ముందు ఆవిడ మేకమాంసం పచ్చడి పెట్టింది. అబ్బ, ఆ పచ్చడి సంగతి చెప్పాలంటే నాకే నోరూరుతోంది. ముక్కల్ని నీరంతా ఇగిరిపోయేదాకా ఉడికించి, పప్పునూనెలో ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, కారం, మసాలా, నిమ్మరసం కలిపి, మెడదాకా జాడీకెత్తి, గుడ్డతో వాసెన కట్టింది. నూనె ఎంతవరకు తేలిందో చూసి జాడీ బయట బొగ్గుతో ఒక గీత గీసింది. తర్వాత ముగ్గుర్నీ వరసగా నిలబెట్టింది.

"ఒరే, ఇది నిల్వ పచ్చడి. సరిగ్గా చూసుకుంటే ఏడాది ఉంటాది. మీరేటీ చెయ్యక్కర్లేదు, ఏటీ చెయ్యకుండా ఉంటే అదే పదివేలు. తడి తగలనివ్వకండి. మూడో రోజున పొడిచేత్తో ఒక్కసారి అడుగునుంచి కలిపి, ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూసి మళ్ళీ కట్టెయ్యండి. నూనె ఈ గీతకాడే ఉండాలి. కిందికి దిగిందా, పై ముక్క బూజు పట్టేస్తాది. తెలిసిందా?"

"తెలిసింది," అన్నారు ముగ్గురూ.

"కిందటేడు కూడా తెలిసిందనే అన్నారు. వడియాలెట్టి కాకుల్ని చూడండ్రా అంటే, ఎన్ని కాకులొచ్చాయో, ఏ కాకి ఎన్ని వడియాలు తిందో అన్నీ చూసి సాయంత్రం నాకు వరసగా చెప్పారు. ఈసారి అలాగయితే ఊరుకోను. నేనొచ్చేసరికి ఈ పచ్చడి పాడయిందా, ఇదే సంచీ పట్టుకుని నా కూతురు కాడికే పోతాను. మళ్ళీ రాను. మీ వంట మీరే వండుకోండి."

ముగ్గురికీ గుండెలు జారిపోయాయి. ఒకసారి అత్తకి జ్వరమొస్తే వాళ్ళే అన్నం వండారు, కుండ వేడెక్కితే చాలనుకుని బియ్యం మాత్రం వెయ్యలేదు. కానీ వాళ్ళ బాధ తిండి ఒక్కటే కాదు లెండి. అత్త లేకపోతే పొద్దున్నే లేపి తిట్టేదెవరు? తిట్టకపోతే తాము లేచినట్టు తమకెలా తెలుస్తుంది? ఆ ఇంట్లో అత్త లేకుండా ఉండటం వాళ్ళ ఊహకే అందలేదు. బంగారయ్య అయితే అక్కడికక్కడే ఏడ్చేశాడు.

అత్త బస్సెక్కింది. ఆ బస్సు ధూళి ఇంకా అణగనేలేదు, సన్యాసయ్య సభ పెట్టేశాడు.

"తమ్ముళ్ళూ, అత్త మొదట చెప్పిందేటి? తడి తగలకూడదని. తడి ఎక్కడుంటాది?"

"నీళ్ళలో," అన్నాడు గవరయ్య.

"నీళ్ళెక్కడున్నాయి?"

"బిందెలో, కడవలో, వంటింటి బానలో."

"చూశారా! దొంగ ఇంట్లోనే కాపురముంటున్నాడు!"

అంతే. ముగ్గురూ నడుం బిగించారు. బయటికి మోసుకెళ్తే దారిలో ఒలికి తడవుతుందని, ఉన్నచోటనే బిందె, కడవ, బాన బోర్లించేశారు. ఇంకేముంది! ఇల్లంతా చీలమండల దాకా నీళ్ళు. మూలన నేలమీదున్న జాడీ చుట్టూ నీళ్ళు తిరుగుతున్నాయి. గవరయ్య ఒక్క గెంతు గెంతి జాడీని ఒళ్ళోకి తీసుకుని మంచమెక్కాడు. ఇక మూడు రోజులు ఆ జాడీ కిందికి దిగలేదు, ఒకరు లేస్తే ఒకరి ఒళ్ళోకి పోయింది.

ఊరికే కూర్చుంటే బాగానే ఉండును. బంగారయ్యకి తుమ్మొచ్చింది.

"ఒరే, తుమ్ములో తడి ఉంటాది!" అని సన్యాసయ్య వాణ్ణి వీధి అరుగు మీదికి తరిమేశాడు. తర్వాత ఆలోచిస్తే మాటలోనూ తడే, తుంపర్లు పడతాయి కదా. అంచేత ముగ్గురూ నోళ్ళకి తువ్వాళ్ళు కట్టుకుని సైగలతో మాట్లాడుకున్నారు. స్నానాలు మానేశారు. దాహమేస్తే పక్కింటి నూకాలు దగ్గరికెళ్ళి చెంబెడు తాగి, నాలుక బయటపెట్టి ఎండలో ఆరబెట్టుకుని మరీ ఇంట్లోకొచ్చేవారు. నూకాలు మంచిది. పాపం, అన్నం కూడా ఆవిడే పెడుతోంది. "ఏట్రా నాయనా ఈ అవతారాలు?" అని అడిగితే, వీళ్ళు తువ్వాలు చూపించి గర్వంగా నవ్వేవారు. తువ్వాలు వెనక నవ్వు ఆవిడకేం కనిపిస్తుంది!

మూడో రోజొచ్చింది. పచ్చడి కలపాలి, అదీ పొడిచేత్తో.

చేతులు కడిగి మూడ్రోజులైంది కాబట్టి పొడిగానే ఉండాలి. అయినా అనుమానం తీరాలని ముగ్గురూ పెరట్లో నిలబడి అరచేతులు ఎండకి పెట్టారు. ఎండ చుర్రుమంది, చేతులకి చెమటలు పట్టాయి. చెమట పట్టిందని ఇంకాసేపు పెట్టారు, ఇంకా పట్టింది. చివరికి గవరయ్య బుర్ర మెరిసింది.

"పిండి తడిని పీల్చేస్తాది కదేటి!"

అంతే. బియ్యప్పిండి డబ్బాలో మోచేతుల దాకా ముంచారు. అత్త ఒక్కసారే కలపమంది కదా, ముగ్గురి చేతులూ ఒకేసారి జాడీలోకి దూర్చి ఒక్కసారే కలిపారు. చేతులు బయటికొచ్చాయి, పిండి రాలేదు. పచ్చడి కాస్తా బూడిదలో పొర్లిన కోడిపిల్లలా తయారైంది.

"రంగుదేముంది, రుచి చూద్దాం," అని సన్యాసయ్య తలా ఒక ముక్క పెట్టాడు.

"సరిపోయింది," అన్నాడు సన్యాసయ్య.

"ఎక్కువైంది," అన్నాడు గవరయ్య.

"తక్కువైంది," అన్నాడు బంగారయ్య.

ఇంకో ఇంట్లో అయితే ఇక్కడ కొట్టుకునేవాళ్ళు. వీళ్ళకి ఒకరి తెలివి మీద ఒకరికి గొప్ప గౌరవం. ముగ్గురు తెలివైనవాళ్ళు మూడు మాటలు చెబితే మూడూ నిజమే అయ్యుండాలి. అంటే కొన్ని ముక్కలకి ఎక్కువైంది, కొన్నిటికి తక్కువైంది, కొన్నిటికి సరిపోయింది. పనులు పంచుకున్నారు. ఉప్పెక్కువైన ముక్కలు ఏరి తినేయడం గవరయ్య వంతు. తక్కువైన చోట ఉప్పు చల్లడం బంగారయ్య వంతు. ఇప్పుడు సరిపోయిందో లేదో చూడటం పెద్దవాడి వంతు.

బంగారయ్య చల్లుతాడు. చల్లగానే గవరయ్యకి ఉప్పు ముక్కలు ఇంకా దొరుకుతాయి, తింటాడు. సన్యాసయ్య ఒకటి నోట్లో వేసుకుని "ఆఁ, ఇంకా తేలలేదు" అంటాడు. బంగారయ్య మళ్ళీ చల్లుతాడు. కళ్ళమ్మట నీళ్ళు, ముక్కమ్మట నీళ్ళు, ఉప్పుకి పెదాలు పేలిపోయాయి. అయినా అత్త పని అని ఒక్కడూ వెనక్కి తగ్గలేదు. మధ్యాహ్నం మొదలెట్టి పొద్దు వాలేదాకా ఒళ్ళొంచి పనిచేశారు. చివరికి గవరయ్య జాడీలోకి తొంగిచూసి కెవ్వుమన్నాడు.

సగం జాడీ ఖాళీ! నూనె గీతకి జానెడు కిందికి దిగిపోయింది!

"కొంప మునిగిందిరా!" అని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు సన్యాసయ్య. "నూనె గీతకాడే ఉండాలంది. లేకపోతే పోతానంది."

రాత్రంతా ఎవరికీ నిద్ర లేదు. తెల్లారాక బంగారయ్య చెప్పాడు.

"నేను నీళ్ళగాబులో దిగితే నీళ్ళు పైకి రావా? అలాగే పచ్చట్లో ఏదైనా దిగితే నూనె పైకొస్తాది."

"అయితే నువ్వే దిగరా, నీకు అలవాటు కదా," అన్నాడు గవరయ్య.

వాడు నిజంగానే కాలెత్తాడు. అదృష్టం బాగుండి వాడి పాదం జాడీ మూతి కంటే పెద్దది, వేళ్ళు దాటి పట్టలేదు. సరే, మనిషి కుదరకపోతే రాళ్ళు దింపుదామని రోడ్డు మీది కంకర రాళ్ళు ఏరుకొచ్చారు. రాళ్ళకి దుమ్ము ఉంది. అత్త పచ్చట్లో దుమ్ము పడితే ఇంకేమైనా ఉందా? నూకాలు ఇంట్లో నీళ్ళు తెచ్చి శుభ్రంగా తోమి కడిగారు. కడిగాక గుర్తొచ్చింది, తడి! తడి ఆరాలని రాళ్ళని పొయ్యిలో పడేసి ఊదారు. నల్లరాళ్ళు ఎర్రరాళ్ళయ్యేదాకా ఊదారు.

"ఇప్పుడు తడి చుక్క లేదు, చూడండి ఎంత నిగనిగలాడుతున్నాయో," అని సన్యాసయ్య పట్టకారుతో మొదటి రాయి పట్టి జాడీలో వేశాడు.

చుయ్యిమంది. బుస్సుమంది. ఆ వెంటనే టప్పుమని జాడీ రెండు చెక్కలైంది. ఆ పక్కా ఈ పక్కా మాంసం ముక్కలు, మధ్యలో ఎర్రగా కంకర రాయి.

ఆ చప్పుడుకి నూకాలు పరుగున వచ్చి, గుమ్మంలోనే నిలబడి బుగ్గలు నొక్కుకుంది. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది! పచ్చట్లో నిప్పులేస్తార్రా ఎవరైనా? అలా చూస్తారేటి, మిగిలిందయినా గబగబా ఎత్తి, మూత గట్టిగా బిగిసే దాంట్లో పెట్టుకోండి!"

అని పొయ్యి మీద తన కూర మాడిపోతోందని వెళ్ళిపోయింది. వెళ్ళకుండా ఉంటే బాగుండేది.

ఆ ఇంట్లో మూత గట్టిగా బిగిసేది ఒక్కటే ఉంది. అత్త కూతురు కొనిచ్చిన ప్రెషర్ కుక్కర్. ముక్కలన్నీ ఎత్తి కుక్కర్లో పెట్టి మూత బిగించారు. బిగుసుకుంది, కొండంత ధైర్యం వచ్చింది. అక్కడితో ఆగితే ఆగేది. కానీ సన్యాసయ్య వేలెత్తాడు.

"ఆగండి. అత్త ఎప్పుడైనా కుక్కర్‌కి మూత పెట్టి ఊరికే వదిలేసిందా? పొయ్యి మీద పెట్టి, విజిల్ వచ్చాకే కదా దింపుతాది. విజిల్ రాని కుక్కర్ పని పూర్తయినట్టెలా అవుతాది?"

"పప్పుకి మూడు విజిళ్ళు," అన్నాడు గవరయ్య.

"పప్పు ఒక్క పూటకే కదరా. ఇది ఏడాది ఉండాలి. తక్కువలో తక్కువ రోజుకొక విజిలైనా ఉండొద్దా?"

అంతే, మూడువందల అరవై అయిదు విజిళ్ళని తేల్చారు. కుక్కర్ పొయ్యెక్కింది. నీళ్ళు పొయ్యాలన్న మాటే లేదు, తడి కదా! నీళ్ళు లేని కుక్కర్ విజిలెలా వేస్తుందని మీరడుగుతారు. వాళ్ళడగలేదు. ముగ్గురూ బాసింపట్లు వేసుకుని ఎదురుచూశారు. కుక్కర్ గమ్మునుంది.

"పాపం, మనల్ని చూసి సిగ్గుపడుతోంది," అన్నాడు గవరయ్య. "మనం మొదలెడితే అదే అందుకుంటాది." అని నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేశాడు. కుక్కర్ అందుకోలేదు. ఇంకోటి వేశాడు.

సన్యాసయ్య గోడ మీద బొగ్గుతో రెండు గీతలు గీశాడు. "అది వేస్తేనేం, మనం వేస్తేనేం. లెక్క సరిపోతే చాలదూ?"

ఇంకేముంది! ముగ్గురూ వంతులేసుకుని ఈలలు మొదలెట్టారు. వీధిలో కుక్కలన్నీ తమనే పిలుస్తున్నారనుకుని తోకలాడిస్తూ వచ్చి గుమ్మంలో కూర్చున్నాయి. ఎనభై అయ్యేసరికి పెదాలు బూరెల్లా ఉబ్బాయి. వందకి మాడు వాసన మొదలైంది.

"అన్నా, ఏదో మాడుతోందే," అన్నాడు బంగారయ్య.

"నూకాలు కూర మాడుతోందని చెప్పలేదా? మాట్లాడకు, లెక్క తప్పుతాది!"

నూట పన్నెండో ఈల సగంలో ఉండగా ఢామ్మని పేలింది. ఈల కాదు, కుక్కర్. మూత వెళ్ళి పెంకులకి తగిలింది, రెండు పెంకులు రాలాయి, కుక్కలు పారిపోయాయి, ముగ్గురూ మంచం కిందికి దూరారు. దేవుడి దయవల్ల కనుబొమలు కాస్త కాలడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. పొగ తగ్గాక సన్యాసయ్య తల బయటపెట్టి పైకి చూశాడు. దూలానికి, వాసాలకి, పెంకులకి నల్లటి ముక్కలు అతుక్కుని ఉన్నాయి.

"ఒరే, నూనె పైకి తేలింది," అన్నాడు.

"ముక్కా తేలింది," అన్నాడు గవరయ్య.

"గీత ఏది, అన్నా?" అన్నాడు బంగారయ్య.

అప్పుడు ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. పచ్చడి పోయింది, ఇక అత్త కూడా పోతుంది. గోడకి ఆనుకుని కూర్చుని వెక్కివెక్కి ఏడ్చారు. వెర్రివాళ్ళే కావచ్చు, ఏడుపు మాత్రం మీదీ నాదీ లాంటిదే. ఆ తర్వాత నూకాలు పెట్టిన అన్నం కూడా గొంతు దిగలేదు. గవరయ్య రోజూ పొద్దున్నే అత్త మంచం పక్కన నిలబడి తనను తానే "లెగరా ఎదవా, బారెడు పొద్దెక్కింది" అని తిట్టుకునేవాడు. అయినా అత్త తిట్టినట్టుండేది కాదు.

పదో రోజు పొద్దున అత్త బస్సు వచ్చే వేళకి బంగారయ్య దిగ్గున లేచాడు.

"అన్నా! అత్త ఏమంది? నేనొచ్చేసరికి పచ్చడి పాడయితే పోతానంది. అవునా?"

"అవును."

"మరి రాకపోతే?"

సన్యాసయ్య కళ్ళు నెమ్మదిగా పెద్దవయ్యాయి. "రాకపోతే పోదు," అన్నాడు. "పోకపోతే మనకాడే ఉన్నట్టు!"

తమ్ముణ్ణి ఎత్తి గిరగిరా తిప్పాడు. ముగ్గురూ బస్సు ఆగే చోటికి పరుగెత్తారు. తుని బస్సుకి కొత్తమెరకే ఆఖరు, అక్కడే తిరిగి వెనక్కి పోతుంది. బస్సు ఆగింది. పైడమ్మత్త ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో గుడ్డ చుట్టిన బరువేదో పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టింది.

"దిగకత్తా! నీ కాళ్ళు పట్టుకుంటాం, దిగకు!" అని ముగ్గురూ నిజంగానే కాళ్ళు పట్టేసుకున్నారు.

అత్త వాళ్ళ మొహాలు చూసింది. ఉబ్బిన పెదాలు, పది రోజుల మురికి, కాలిన కనుబొమలు. ఆవిడకి అర్థమైపోయింది.

"పచ్చడి పాడుచేశారు, అంతేనా?"

ముగ్గురూ తలలు దించుకున్నారు. పైడమ్మత్త నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"నాకు తెలీదేట్రా! నేను పెంచిన సన్నాసులు మీరు. పాడుచేస్తారనే తునిలో ఇంకో జాడీ పెట్టి మోసుకొచ్చాను. నేనెక్కడికీ పోనురా నాయనా. ఉత్తినే బెదిరించాను. తొలగండి, దిగనియ్యండి. ఎంత చిక్కిపోయార్రా, వేడిగా అన్నం వండి పెడతాను."

గవరయ్య అన్నదమ్ముల్ని పక్కకి లాగి గుసగుసలాడాడు. "విన్నారా? ఇంకో జాడీ అంట! ఒక జాడీ పాడయితే ఒకసారి పోతానంది. ఇదీ పాడయితే రెండోసారి కూడా పోతాది కదా!"

"రెండుసార్లే!" అని బంగారయ్య గుండెలు బాదుకున్నాడు.

"అత్త పెద్దదైపోయింది, పాపం, లెక్క తెలీట్లేదు," అన్నాడు సన్యాసయ్య. "మన అత్తని మనమే కాపాడుకోవాలి. పట్టండ్రా!"

అంతే. ఒకడు సంచీ, ఒకడు జాడీ, ఒకడు అత్త. ముగ్గురూ కలిసి మూడింటినీ మళ్ళీ బస్సులోకెక్కించి, కిటికీ పక్కన మెత్తగా కూర్చోబెట్టారు. "ఒరే! ఒరే సన్నాసుల్లారా! దింపండ్రా!" అని అత్త కేకలు పెడుతూనే ఉంది. గవరయ్య నోట్లో రెండు వేళ్ళు పెట్టి గట్టిగా ఒక ఈల వేశాడు. కండక్టరే వేశాడనుకుని డ్రైవరు బస్సు పోనిచ్చేశాడు.

బస్సు మలుపు తిరిగేదాకా ముగ్గురూ చేతులూపారు. గండం గడిచింది, అత్త దక్కింది. సన్యాసయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని తమ్ముళ్ళ భుజాల మీద చేతులేశాడు.

"పదండ్రా, పెందరాళే ఇంటికెళ్దాం. అత్త వేడిగా అన్నం వండి పెడతానంది. మనం లేకపోతే కంగారు పడతాది."

ముగ్గురూ ఇంటికెళ్ళి, వంటింట్లో వరసగా మూడు పళ్ళేలు పెట్టుకుని కూర్చున్నారు.